ఫోన్ పెట్టెయ్యమన్న పోలీసు

కంపెనీ బస్సు బొంతపల్లి కమాను దగ్గర నిహారికను ఎక్కించుకుని, రోడ్డు మీది గుంతలన్నిటినీ పేరుపేరునా పలకరిస్తూ సుల్తాన్‌పూర్ వైపు పోతుండగా ఆమె ఫోన్ మోగింది. నంబరు ముందు ప్లస్ గుర్తు, వెనకాల మన దేశానివి కాని అంకెలు. మామూలుగా అయితే ఎత్తకూడదు. కానీ తమ్ముడు శ్రావణ్‌కుమార్ అప్పుడప్పుడు ఎవరి ఫోన్ నుంచో దొంగచాటుగా చేస్తాడు, రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. ఆ ఆశతో ఎత్తింది.

తెర మీద తమ్ముడు లేడు. ఖాకీ బట్టల్లో ఒక నడివయసు మనిషి ఉన్నాడు. ఆయన వెనక బల్ల మీద చిన్న జాతీయ జెండా.

"నిహారిక గారేనా అండీ? కంబోడియాలో మన రాయబార కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాను. నా పేరు రాజశేఖర్. పోలీసు అధికారిని. మీ తమ్ముడి విషయం..."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా ఇలాంటి ఖాకీ బట్టల్లో, ఇలాంటి జెండా ముందే కూర్చున్న తమ్ముడి ఫొటో కొన్నాళ్ళుగా బొంతపల్లి నుంచి పటాన్‌చెరు దాకా వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. 'ఈ దొంగ పోలీసును గుర్తుపట్టండి' అని కింద రాశారు. ఊరివాళ్ళు టీ చల్లారేలోపే గుర్తుపట్టారు.

కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమని చెప్పి ఏజెంటు ఒకడు శ్రావణ్‌ను విమానం ఎక్కించాడు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, ముళ్ళకంచె వేసిన మేడలో పడేసి, పోలీసు వేషం కట్టించి, మనవాళ్ళకే ఫోన్లు చేయిస్తున్నారు. మీ పేరు మీద కేసుంది, వీడియో కట్ చేయొద్దు, గది దాటొద్దు, ఉన్న డబ్బంతా ఈ ఖాతాలో వేయండి అని చెప్పించడమే అక్కడి ఉద్యోగం. చెప్పనంటే కొడతారు. కిష్టారెడ్డిపేటలో ఉండే కామరాజు అనే రిటైరైన పెద్దాయన అలా రెండు రోజులు సొంత గదిలోనే బందీగా కూర్చుని, దాచుకున్నదంతా పోగొట్టుకున్నాడు. చివరికి ఆయన కొడుకు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి తెరను ఫొటో తీశాడు. ఊరూరా తిరుగుతున్న ఫొటో అదే. ఆ కేసులో శ్రావణ్ మొదటి ముద్దాయి.

"మా తమ్మునికి యేషం ఏసి మా ఇజ్జత్ తీసిండ్రు, గది సాల్లేదా?" అంది నిహారిక ఫోన్లోకి. "ఇప్పుడు నా మీదికి ఒస్తున్నరా? సిగ్గు లేదా నీకు?"

ఆ మనిషి నోరు తెరిచేలోపు ఎర్రబటన్ నొక్కింది. బస్సులో సగం మంది మెచ్చుకున్నారు. ముందు సీట్లో కూర్చున్న లైన్ సూపర్‌వైజర్ అరుణ వెనక్కి తిరిగి, మంచిగన్నవు, ఇగ ఆ నంబర్ బ్లాక్ చెయ్యి అంది. నిహారిక చేసింది. 

*

నిహారిక పని సెలైన్ గొట్టాలు చూడటం. తలకు టోపీ, మూతికి గుడ్డ, ఒంటికి తెల్లటి నిలువు చొక్కా, కాళ్ళకు తొడుగులు వేసుకుని, దుమ్ము రాని గదిలో దీపం ముందు కూర్చోవాలి. ఒక్కొక్క గొట్టాన్నీ రెండు చేతుల మధ్య చాపి, వెలుగుకు అడ్డంగా తిప్పుతూ చూడాలి. గాలిబుడగ ఉందా, నల్లచుక్క ఉందా, అతుకు దగ్గర జిగురు పొంగిందా అన్నది కన్ను కంటే ముందు బొటనవేలు చెబుతుంది. బాగున్నది తెల్ల ట్రేలోకి, పనికిరానిది ఎర్ర ట్రేలోకి. మధ్యలో పసుపుపచ్చ ట్రే ఒకటి ఉంటుంది. తేల్చుకోలేనివి అందులో వెయ్యాలి. మరొకరు మరో దీపం కింద చూసేదాకా అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కొత్తగా చేరిన పిల్లలు పసుపు ట్రే అంటే చిన్నతనంగా భావించి, గబగబా తెలుపో ఎరుపో తేల్చేస్తారు. వాళ్ళతోనే అరుణకు తలనొప్పి.

ఫోన్లు బయట లాకర్లో ఉంటాయి. భోజనాల వేళ తీసి చూస్తే వేరే నంబరు నుంచి తెలుగులో మెసేజ్ వచ్చి ఉంది.

'నిహారిక గారూ, ఫోన్ పెట్టేసి మంచి పని చేశారు. నన్ను నమ్మకండి. దీనికి జవాబు కూడా ఇవ్వకండి. డబ్బు, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వకండి. మీరే స్వయంగా సంగారెడ్డి స్టేషన్‌కు వెళ్ళి, మీ తమ్ముడి గురించి ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చిందేమో అడగండి. శుక్రవారం దాటనివ్వకండి. రాజశేఖర్.'

అరుణ చదివి పెదవి విరిచింది. ఇదొక కొత్త రకం మోసమని తేల్చేసింది. మోసగాళ్ళు కూడా మనుషులే, వాళ్ళూ చదువుకుంటారు, వాళ్ళూ ముదురుతారు అంది.

నిహారిక అన్నం కలుపుతూ ఆలోచించింది. ఈ దొంగలందరికీ ఒకటే సూత్రం. ఫోన్ పెట్టనివ్వరు. తలుపు తియ్యనివ్వరు. ఇంకొకరితో మాట్లాడనివ్వరు. మరి ఈయన నాతో మాట్లాడకు, పోయి నిజం పోలీసులనే అడుగు అంటున్నాడు. దొంగవాడికి దీనివల్ల వచ్చే లాభమేమిటో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు. తెల్ల ట్రేలో వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. ఎర్ర ట్రేలో వెయ్యడానికి మనసొప్పలేదు. అరుణ దగ్గరికి పోయి రేపటికి సెలవు అడిగింది.

*

సంగారెడ్డిలో సైబర్ కేసులు చూసే ఎస్సై ప్రవీణ్‌కుమార్ చెడ్డవాడు కాడు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు డబ్బు పోగొట్టుకుని వచ్చి ఎదుట కూర్చుని ఏడుస్తుంటే, ముద్దాయిల బంధువుల మీద జాలిపడే ఓపిక మిగలని మనిషి. నిహారిక అంతకు ముందు రెండుసార్లు వచ్చింది. ఏజెంటు మీద ఫిర్యాదు తీసుకోమని, తమ్ముణ్ణి బలవంతంగా పట్టి ఉంచారని రాసుకోమని అడిగింది. రెండుసార్లూ ఒకటే జవాబు. మీవాడు ముద్దాయి. ముద్దాయే వచ్చి బాధితుణ్ణంటే లోకంలో ఇంక దొంగ అనేవాడు ఉండడు.

ఈసారి మెసేజ్ చూపిస్తే ఆయన గట్టిగా నవ్వాడు.

"నాక్కూడ చేసిండమ్మా వాడు. వీడియో కాల్. ఎస్సైకే టోపీ పెడ్తవారా అని నాలుగు తిట్టి పెట్టేసిన."

అలా అంటున్న ఆయన తల వెనక గోడకు పోస్టరు అంటించి ఉంది. 'ఏ పోలీసు అధికారీ మీకు వీడియో కాల్ చేయడు. చేస్తే వెంటనే కట్ చేయండి.' ఆ పోస్టరు జిల్లాలో ప్రతి బడికీ, ప్రతి బ్యాంకుకూ, ప్రతి కంపెనీ గేటుకూ పోయింది. పోలీసులు ఇంత కష్టపడి జనానికి నేర్పిన పాఠం అందరికంటే బాగా పోలీసులకే వచ్చినట్టుంది.

నిహారిక నవ్వలేదు. మెయిల్ వచ్చిందో లేదో ఒక్కసారి చూడమంది. రాలేదన్నాడు. మళ్ళీ చూడమంది. బొంతపల్లి గుడి జాతర బందోబస్తుకు మనుషులను పంపాలి, తనకు వేరే పనులున్నాయన్నాడు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. సాయంత్రం బల్ల ఖాళీ చేయమంటే లేచి ఇంటికి వచ్చింది.

ఇంట్లో తండ్రి అంజయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఫొటో తిరిగిన నాటి నుంచి ఆయన ఊళ్ళోని చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. ఎవరూ కనబడని దారిలో పొలానికి పోయి, ఎవరూ కనబడని దారిలో తిరిగి వస్తున్నాడు. ఇజ్జత్ ఎట్లాగూ పోయింది, ఠాణా చుట్టూ తిరిగి దాన్ని మళ్ళీ మళ్ళీ పోగొట్టుకోవద్దు బిడ్డా అన్నాడు. నిహారిక ఆయన కంచంలో పప్పు వేసింది. రేపు కూడా పోతున్నానని చెప్పింది. ఆయన తల ఎత్తలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు ఎస్సై కంటే ముందే ఆమె ఆ బల్ల మీద ఉంది. ప్రవీణ్‌కుమార్ చూసి నిట్టూర్చాడు.

"సార్, మా కంపెనీల మూడు ట్రేలుంటయి," అంది నిహారిక లేచి నిలబడి. "మంచిదొకటి, కరాబుదొకటి. ఏదో తెల్వనిది ఇంకోటి. మా తమ్ముణ్ణి మంచోడని రాయమంటలేను. సూడకుండ మాత్రం ఎర్ర ట్రేల ఎయ్యకుండ్రి."

ఆయనకు ట్రేల సంగతి ఎంత అర్థమైందో కానీ, ఈమె రేపు కూడా వస్తుందన్న సంగతి బాగా అర్థమైంది. కంప్యూటర్ దగ్గరున్న కానిస్టేబుల్ నిషితను పిలిచి, ఇంకోసారి వెతకమన్నాడు. నిషిత వెతికింది. మామూలు చోట లేదు. దొంగ మెయిళ్ళను కంప్యూటర్ తనంతట తాను ఏరి పడేసే చెత్తబుట్టలో, లాటరీ గెలిచారన్న అభినందనలకూ చవక అప్పుల ప్రకటనలకూ మధ్య ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తరం నాలుగు రోజులుగా పడి ఉంది.

ప్రవీణ్‌కుమార్ దాన్ని నిలబడే చదివాడు. శ్రావణ్ పేరూ రాజశేఖర్ పేరూ రెండూ అందులో ఉన్నాయి. తరువాత ఢిల్లీకి ఫోన్ చేసి, నిజమేనా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆ తరువాత నిహారికను లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. మూడుసార్లు వచ్చినా దొరకని కుర్చీ అది.

*

"నన్ను తిట్టినందుకు మీ ఇద్దరి మీదా నాకేం కోపం లేదు," అన్నాడు రాజశేఖర్ ఫోన్లో. "అందరూ అలా తిడితే నాకిక్కడ ఇంత పని ఉండేది కాదు."

ఎస్సై ఇబ్బందిగా నవ్వి, స్పీకర్ శబ్దం పెంచాడు.

రాజశేఖర్ తన ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్పాడు. మన పోలీసు శాఖ నుంచి ఆయనను ఆ దేశానికి పంపారు. అక్కడ ఆయన ఎవరినీ పట్టుకోలేడు, ఏ తలుపూ తట్టలేడు. ఒంటి మీద యూనిఫామ్ ఉన్నా అది తన గది గోడల మధ్యే పనిచేస్తుంది. అక్కడి పోలీసులతో స్నేహంగా ఉండటం, ఇక్కడి కబురు వాళ్ళకూ వాళ్ళ కబురు ఇక్కడికీ చేర్చడం, అడగడం, అడిగి కాచుకుని కూర్చోవడం, అదే ఆయన పని. శ్రావణ్ ఎలాగో ఒక ఫోన్ సంపాదించి రాయబార కార్యాలయానికి మెసేజ్ పెట్టాడు. ఏ మేడో, ఎన్నో అంతస్తో రాశాడు. శుక్రవారం అక్కడి పోలీసులు ఆ మేడలోకి వెళుతున్నారు.

లోపలున్న వాళ్ళందరినీ ఒక హాల్లోకి తెస్తారు. బలవంతంగా పట్టి ఉంచారని సొంత దేశం నుంచి రాతపూర్వకంగా కబురు వచ్చినవాళ్ళు ఒక వైపు. వాళ్ళు ఇళ్ళకు పోతారు. మిగిలినవాళ్ళు మోసగాళ్ళ లెక్కలో ఇంకో వైపు. వాళ్ళు అక్కడి జైలుకు పోతారు, ఎన్నేళ్ళకు బయటికి వస్తారో ఎవరూ చెప్పలేరు.

మామూలుగా అయితే ఇంటివాళ్ళ ఫిర్యాదు చాలునన్నాడు రాజశేఖర్. కానీ శ్రావణ్ పేరు ఇక్కడి నుంచి ముద్దాయిగా పోయింది. ముద్దాయి అక్క చెప్పిన మాటను అక్కడివాళ్ళు నమ్మరు. మోసపోయిన మనిషి చెబితే వింటారు.

"గాయన ఏం చెప్తడు సార్?" అన్నాడు ఎస్సై. "వీడే బెదిరించిండని సంతకం పెట్టిండు."

"అబద్ధం చెప్పించమనను. ఒక్క విషయం కనుక్కోండి. శ్రావణ్ నాకు రాసినదాంట్లో ఉంది, చదువుతాను. 'మొదటి దినమే ఆ సారు కిష్టారెడ్డిపేట అన్నడు. మా దిక్కాయనే అని తెలిసినంక, నేను పోలీసు కాదు, ఫోన్ పెట్టెయ్యుండ్రి అని చెప్పిన. ఆయన పెట్టలే. నేను చెప్పింది పక్కోడు విన్నడు. ఆ దినం నా కాలు ఇరగ్గొట్టిండ్రు.' ఇది నిజమా కాదా? చెప్పగలిగింది ఆ పెద్దాయన ఒక్కరే."

నిహారిక చీర కొంగును పిడికిట్లో నలుపుతూ ఉండిపోయింది. కాలు సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఏడవటానికి అక్కడ చోటుంది, కుర్చీ కూడా ఉంది. కానీ ఏడుస్తూ కూర్చుంటే శుక్రవారం ఆగదు.

ఎస్సై ఆ రోజు ఏజెంటు మీద ఆమె ఫిర్యాదు రాసుకున్నాడు. కామరాజుకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. నేను పోతా సార్ అంది నిహారిక. ముద్దాయి తరఫువాళ్ళు ఫిర్యాదుదారు ఇంటికి పోకూడదని ఎస్సైకి తెలుసు. అందుకే నిషితను తోడిచ్చి పంపాడు.

*

కామరాజు వాళ్ళది అపార్టుమెంటులో మూడో అంతస్తు. ఎన్నో ఏళ్ళ క్రితం గోదావరి వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. తలుపు తీసింది భార్య వెంకటలక్ష్మి. యూనిఫామ్‌లో ఉన్న నిషితను చూసి జంకింది, ఆమె తెర మీద కాక నిజంగానే గుమ్మంలో నిలబడి ఉందని ఖాయం చేసుకున్నాక లోపలికి రమ్మంది.

ముందుగదిలో బల్ల మీద ఒక స్టీలు గిన్నె బోర్లించి ఉంది. నిహారిక దానివైపు చూడటం గమనించి వెంకటలక్ష్మి చెప్పింది.

"మా ఆయన ఫోనమ్మా. దాంట్లోంచి ఎవరో చూస్తా ఉంటారని ఆయన భయం. మోగితే గిన్నె గణగణలాడుద్ది. నాకు వినపడితే తీసి మాట్లాడతాను."

కామరాజు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్ద పెద్ద యంత్రాల ముందు నిలబడి పనిచేసిన మనిషి, వెన్ను ఇంకా నిటారుగానే ఉంది. నిహారిక ఎవరో తెలియగానే ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"మీ తమ్ముడు నన్ను నా ఇంట్లోనే ఖైదీని చేశాడు," అన్నాడు. "తలుపవతల మా ఆవిడ అన్నం పట్టుకుని నిలబడితే పొమ్మని అరిచాను. నా చేత అరిపించాడు. అతనికి సాయం చేయమని నన్నడుగుతావా?"

"సాయం చెయ్యుండ్రి అంటలేను సార్. మీకు చేసింది తప్పే. ఈడికి ఒచ్చినంక కోర్టు ఏం శిక్ష ఏస్తే అది పడ్తడు, నేనే తోల్కొస్త. మీతోని ఒక్క మాట అడగనీకొచ్చిన. మొదటి దినం, నేను పోలీసు కాదు, ఫోన్ పెట్టెయ్యుండ్రి అన్నడా మీతోని?"

ఆయన చేయి కుర్చీ చేతి మీద ఉంది. బొటనవేలు చెక్కను గట్టిగా అదిమింది, గోరు తెల్లబడింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"లేదు. అలాటిదేం లేదు. పెట్టే వీలుంటే పెట్టనా? నేనేమన్నా పిచ్చోణ్ణా?"

పిచ్చి అన్న మాట ఎవరూ ఎత్తలేదు. లోపలి గదిలోంచి కొడుకు కళ్యాణ్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పటాన్‌చెరులో రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాడు, మాటలు విని లేచినట్టున్నాడు. ఇంతమందికి హితవు చెప్పే నాన్న ఒక ఫోన్ ముందు రెండు రోజులు ఎలా కూర్చున్నాడని కళ్యాణ్ ఈపాటికే చాలాసార్లు అడిగి ఉంటాడని నిహారికకు అనిపించింది. అతను కనబడగానే తండ్రి వెన్ను ఇంకొంచెం బిగిసింది.

నిహారికకు ఒక్కసారిగా ఆ పెద్దాయన మీద కోపమూ జాలీ కలిసి వచ్చాయి. తమ్ముడి కాలు ఆమె కళ్ళ ముందు ఉంది. అయినా గొంతు పెంచలేదు.

"అన్నడు అంటే, మరి ఎందుకు పెట్టలేదని నేను అడగ సార్. నాకు గది అక్కర్లేదు. అన్నడా, లేదా, గదొక్కటే. శుక్రవారం పొద్దుగాల స్టేషన్ల ఉంట."

లిఫ్టు దాకా వెంకటలక్ష్మి వెంట వచ్చింది. తలుపు మూసుకుపోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆయన నిద్రలో కలవరిస్తారని చెప్పింది. పెట్టేస్తున్నా బాబూ, పెట్టేస్తున్నా అంటారట. ఏ బాబని తనెప్పుడూ అడగలేదంది. అడిగితే ఆయన ఆ కాస్త నిద్రా పోగొట్టుకుంటారంది.

"నేను చెబితే వినే మనిషి కాదమ్మా. ఆయనంతట ఆయనకే రావాలి," అని చెయ్యి తీసేసింది.

*

గురువారం నిహారిక పనికి పోయింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని పోయింది. దీపం ముందు గొట్టాలు చాపి చూస్తూ, ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువగా పసుపు ట్రే నింపింది. అరుణ వచ్చి చూసి, ఏదో అనబోయి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె స్టేషన్‌కు చేరేసరికి అంజయ్య అక్కడ ఉన్నాడు. ఎప్పుడు బయల్దేరాడో, ఎవరూ కనబడని ఏ దారిన వచ్చాడో, బల్ల చివర తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. కూతుర్ని చూసి కొంచెం పక్కకు జరిగాడు. ఆమె పక్కన కూర్చుంది.

పది దాటినా కామరాజు రాలేదు. ఎస్సై రెండుసార్లు బయటికి వచ్చి రోడ్డు వైపు చూసి లోపలికి పోయాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. ప్లస్ గుర్తుతో వీడియో కాల్. ఆ పోస్టరు కిందనే కూర్చుని ప్రవీణ్‌కుమార్ ఎత్తాడు.

రాజశేఖర్ ఈసారి మామూలు చొక్కాలో ఉన్నాడు. ముఖం చెమటతో తడిసి ఉంది. హాల్లో ఉన్నానని, మాటలు త్వరగా కానివ్వాలని చెప్పి ఫోన్ తిప్పాడు. పెద్ద రేకుల షెడ్డులాంటి హాలు. నేల మీద వరుసలుగా కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎడమ వైపు కొద్దిమంది, కుడి వైపు చాలామంది. మధ్యలో చిన్న బల్ల వేసుకుని అక్కడి పోలీసు అధికారి ఒకాయన కూర్చున్నాడు. కుడి వైపు రెండో వరుసలో, ఒక కాలు ముందుకు చాపి కూర్చున్నవాడు శ్రావణ్.

అంజయ్య లేచి నిలబడ్డాడు. ఫోన్ దాకా రాలేదు, నిలబడ్డ చోటనే ఉండిపోయాడు.

"ఆ పెద్దాయన వచ్చారా?" అని రాజశేఖర్ అడిగాడు. రాలేదని ఎస్సై చెప్పాడు. ఏజెంటు మీద నిహారిక పెట్టిన ఫిర్యాదు చేరిందని, దాన్ని బల్ల దగ్గరి అధికారికి చూపించానని, ఆయన తల అడ్డంగా ఊపాడని రాజశేఖర్ అన్నాడు. కుడి వైపు వాళ్ళను జైలుకు తీసుకుపోవడానికి బయట వ్యాను వచ్చింది. ఇంకొంతసేపు మాట్లాడుతూ ఉంటానని, అంతకంటే తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. అంత దూరంలో అంత పెద్ద అధికారి, ఎవరినో బతిమాలుకుంటూ నిలబడి ఉన్నాడని నిహారికకు అర్థమైంది. తను ఇన్నాళ్ళూ ఈ వరండాలో చేసింది కూడా అదే పని.

గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు వెంకటలక్ష్మి దిగింది, వెనక కామరాజు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వాళ్ళ వెనక కళ్యాణ్ బండి మీద వచ్చి ఆగాడు. ఎవరూ రమ్మనకపోయినా వచ్చినట్టున్నాడు.

కామరాజు గదిలోకి వచ్చి, తెర మీది మనుషులను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. మళ్ళీ వీడియో, మళ్ళీ పోలీసు. ఆయన నుదుటి మీద చెమట పట్టడం అందరూ చూశారు. ఎస్సై తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. ఆయన వచ్చి కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

"ఈ అబ్బాయిని గుర్తుపడతారా?" అని రాజశేఖర్ ఫోన్‌ను శ్రావణ్ ముఖానికి దగ్గరగా పట్టాడు.

కామరాజు చాలాసేపు చూశాడు.

"ఇతనే," అన్నాడు.

నిహారిక కళ్ళు మూసుకుంది.

"నన్ను బెదిరించింది ఇతనే. ఫోన్ పెట్టెయ్యమన్నదీ ఇతనే. మీదేవూరని అడిగితే కిష్టారెడ్డిపేటన్నాను. కాసేపాగాడు. ఒక కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, సార్, నేను పోలీసు కాదు, పెట్టేసి బయటికి పొండి అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అంతలో ఎవడో వెనకనించి వచ్చి ఇతని జుట్టు పట్టుకుని లాగేడు. తెర ఆగిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు ఇతని మూతి వాచి ఉంది."

"మరి మీరెందుకు..." అని ఎస్సై నోరు జారాడు.

"ఆ సంగతి ఇప్పుడెందుకండీ," అంది వెంకటలక్ష్మి.

"చెప్పనీ," అన్నాడు కామరాజు. కొడుకు వైపు తిరిగాడు, కానీ అతని ముఖంలోకి కాక చొక్కా బొత్తాల వైపు చూస్తూ మాట్లాడాడు. "నేనెప్పుడూ పోలీసు మాట కాదని ఎరగను. పెట్టొద్దన్నదీ ఆ బట్టల్లో ఉన్న మనిషే, పెట్టెయ్యమన్నదీ ఆ బట్టల్లో ఉన్న మనిషే. ఇదీ నాకు పెట్టిన పరీక్షేమో, పెట్టేస్తే ఇంకా పెద్ద కేసు అవుద్దేమో అనుకున్నాను. పెట్టలేదు. అతను చెప్పాడు, నేను వినలేదు. రాసుకోండి."

కళ్యాణ్ అడుగు ముందుకు వేశాడు. తండ్రి కుర్చీ వెనకాల వచ్చి నిలబడ్డాడు. నిషిత రాసిన కాగితం మీద కామరాజు సంతకం పెట్టాడు. నిషిత దాన్ని అప్పటికప్పుడే ఫొటో తీసి పంపింది.

అక్కడ రాజశేఖర్ బల్ల దగ్గరికి వెళ్ళాడు. పక్కనున్న ఆయన ఎవరో వాళ్ళ భాషలోకి తిప్పి చెబుతున్నాడు. బల్ల దగ్గరి అధికారి విన్నాడు, తన ఫోన్లో కాగితం చూశాడు, కామరాజు ఉన్న తెరను ఒకసారి చూశాడు. ఈ ముసలాయనేనా మోసపోయింది అన్నట్టు వేలు చూపించి అడిగాడు. అవునన్నాడు రాజశేఖర్. ఆ అధికారి తల వంచి ఏదో రాసుకుని, పెన్నుతో ఎడమ వైపుకు చూపించాడు.

శ్రావణ్‌కు అర్థం కాలేదు. ఎవరో రెక్క పట్టుకుని లేపారు. కుంటుకుంటూ హాలు మధ్యలో నడిచాడు. ఆ నడక చూసి అంజయ్య తువ్వాలుతో మొహం కప్పుకుని, పక్కనెవరున్నారో కూడా చూసుకోకుండా బయటికే ఏడ్చాడు. శ్రావణ్ ఎడమ వైపు పోయి కూర్చున్నాక, తెర వైపు చూశాడు. అక్కా అన్నాడు. తరువాత కామరాజును చూసి, రెండు చేతులూ జోడించి ఏదో చెప్పబోయాడు.

"నాతో ఏం చెప్పకు," అన్నాడు కామరాజు. "ముందు ఇంటికి రా. మనం మాట్లాడుకునేది కోర్టులో."

"సార్," అన్నాడు శ్రావణ్, తల వంచి.

కేసు కేసే, అందులో శ్రావణ్ పేరు పేరే. అది నిహారికకు తెలుసు. అతను వచ్చాక ఈ మెట్లు ఇంకా ఎన్నిసార్లు ఎక్కాలో కూడా తెలుసు. ఎక్కుతుంది. ఇక్కడి మెట్లు ఆమెకు ఇప్పటికే అలవాటయ్యాయి. వచ్చేవాణ్ణి ఎక్కించడానికి ఒక భుజం ఆమెది, ఇంకో భుజం నాన్నది.

రాజశేఖర్ ముఖం మళ్ళీ తెర మీదికి వచ్చింది. తన పని ఇంకా ఉందని, కుడి వైపు వరుసలో ఇంకా మనవాళ్ళున్నారని చెప్పాడు. ఎస్సై వైపు తిరిగి ఆ పేర్లు పంపుతానన్నాడు. మెయిల్ ఎక్కడ వెతకాలో ఇప్పుడు తెలిసింది సార్ అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"పెద్దాయనా, ఇంక ఫోన్ పెట్టెయ్యండి," అన్నాడు రాజశేఖర్.

కామరాజు చూపుడువేలు ఎర్రబటన్ మీదికి పోయి ఆగింది. ఎస్సై సాయానికి చెయ్యి చాపితే వద్దని తల ఊపాడు. ఇంకొక్క క్షణం ఆగి, తనే నొక్కాడు. తెర నల్లబడింది. ఆ ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అని అడిగాడు.